ఆరున్నర బిట్టుతో సరిపెట్టకండి బాబూ

దాళ్వా కోతలయ్యాయి, పాలకొల్లు పక్కన మా చేను ఖాళీగా ఉంది, నా మోడల్ విమానం ఎగరేద్దామని కూర్చున్నాను. 46 సైజు (0.46 ఘనపుటంగుళాల) గ్లో ఇంజన్, అంటే ప్లగ్గులో తీగ ఎర్రగా కాగి ఇంధనాన్ని అంటించే రకం. దానికి కొత్త అల్యూమినియం స్పిన్నర్, అంటే ప్రొపెల్లర్ నడిమధ్య ముక్కున బిగించే కోన్ టోపీ. షాఫ్టు పావు అంగుళం, అంటే 6.35 మి.మీ. స్పిన్నర్ వెనక పళ్లేనికున్న బెజ్జం 5 మి.మీ. పెద్దది చెయ్యాలి, అంతే పని.

రొయ్యల చెరువుల ఏరియేటర్లు బాగుచేసే షాపుకి పట్టుకెళ్లాను. "ఆరున్నర మి.మీ. డ్రిల్లు బిట్టుందండీ, పెట్టేస్తాను, ఏం పర్లేదు" అన్నాడు. నేనూ తలూపాను, సగం తప్పు నాదే. పళ్లెం ఎడం చేత్తో పట్టుకుని కుడిచేత్తో హ్యాండ్ డ్రిల్ ఆన్ చేశాడు. పల్చటి రేకులో మామూలు బిట్టు తిన్నగా దిగదు, కొరుక్కుని గింజుకుంటుంది. తీసి వెలుతురులో చూస్తే, మూడు ముంజెల తాటికాయని అడ్డంగా కోసినట్టు బెజ్జం మూడు మూలలుగా ఉంది. పైగా పక్కకి జరిగింది. అయినా అలాగే బిగించి ఎగరేశాను.

ఏరియేటర్ చక్రానికి నిజంగానే పర్లేదు, అది నింపాదిగా తిరుగుతుంది. ఈ ఇంజను నిమిషానికి 12,000 చుట్లు! 40 గ్రాముల స్పిన్నర్ అర మిల్లీమీటరు పక్కకి ఉంటే ఆ వేగంలో మూడు కిలోల పైచిలుకు బలంతో షాఫ్టుని గుంజుతుంది, సెకనుకి 200 సార్లు. ఆ అదురుకి ట్యాంకులో ఇంధనం మజ్జిగలా నురగ కట్టింది. పైపులో బుడగలు, ఇంజన్‌కి ఇంధనం చాలక గొంతు సన్నబడింది, సరిగ్గా కొబ్బరితోట మీద ఆగిపోయింది. విమానం తోట దాటింది గానీ ముక్కు బోదెలో దిగబడింది.

నాకు కోపం షాపతని మీద కాదు. ఇంజన్‌కి వేలు పోసి, బెజ్జాన్ని కొంచెం కొంచెంగా పెద్దది చేసే, మెట్లు మెట్లుగా ఉండే చిన్న రీమర్ కొనడానికి ప్రాణం ఒప్పని మనమీదే. దాన్ని చేత్తో మెల్లగా, రెండువైపుల నుంచీ తిప్పితే బెజ్జం నడిమధ్యనే పెరుగుతుంది. ప్రొపెల్లర్ బెజ్జానికీ అదే పద్ధతి. లేత్ ఉన్నవాళ్లు దొరికితే ఇంకా మేలు, పళ్లెం అంచుని పట్టి బిగిస్తారు.

బిగించాక గ్లో ప్లగ్గుకి కరెంటిచ్చే క్లిప్పు తీసి, కోన్ మొన దగ్గర పెన్సిల్ ఆనించి చేత్తో తిప్పి చూడండి. సందు ఒకచోట పెరిగి ఒకచోట తగ్గితే స్టార్ట్ చెయ్యకండి. కోన్ గాట్లు ప్రొపెల్లర్ రెక్కలకి తగలకూడదు, ఒరుసుకుంటే రెక్క మొదట్లోనే చిట్లుతుంది. స్టార్ట్ చేశాక ఎదురుగా, పక్కన పిల్లల్ని నించోనివ్వకండి.

నా స్పిన్నర్ పళ్లెం ఇప్పుడు మా ఇంట్లో తాళాల గుత్తికి వేలాడుతోంది.