సంబంధం చెడుతుందని దాచే జబ్బు

మానసిక జబ్బు అంటే మన దగ్గర ఎందుకంత దాపరికం అంటే అందరూ చెప్పేది ఒకటే, అవగాహన లేదని. నేను ఒప్పుకోను. గుంటూరు కొత్తపేటలో, విజయవాడ సూర్యారావుపేటలో సైకియాట్రిస్టుల బోర్డులు కనపడుతూనే ఉంటాయి, అయినా వాళ్లని వదిలేసి ఎవరి కంటా పడకుండా పిల్లాణ్ని హైదరాబాద్ తీసుకెళ్లి చూపించేది బాగా చదువుకున్నోళ్లే. ఎందుకంటే ఇంట్లో పెళ్లి కావాల్సిన చెల్లెలుంది.

అసలు సంగతి ఇదే. సంబంధం అనుకోగానే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గర్నుంచి ఎదురింటావిడ దాకా ఎంక్వైరీలు, "వాళ్ల మేనమామకి మతిస్థిమితం లేదంటగా" అని ఒక్కమాట వస్తే చాలు, మధ్యవర్తి మళ్లీ ఫోన్ ఎత్తడు. షుగరూ వంశంలో వచ్చేదేగా, దానికి ఏ సంబంధమూ తప్పిపోదే! ఈ చెడ్డపేరు మచ్చలాంటిది, అది జబ్బున్న మనిషి దగ్గరే ఆగదు, ఇంట్లో వాళ్లందరికీ అంటుకుంటుందని సోషియాలజిస్ట్ గాఫ్‌మన్ 1963లోనే రాశాడు. దానికి తోడు చూసేవాళ్ల భయం ఒకటి, రేపు మనింట్లోనూ వస్తే అని, ఆ భయం తట్టుకోలేకే "వాళ్ల రక్తంలోనే ఉందిలే" అనేసి ఊపిరి పీల్చుకుంటారు.

దీనికి బలయ్యేది ఎవరంటే పెళ్లికి ముందు మందులతో బాగానే ఉన్న అమ్మాయి. టాబ్లెట్లు స్ట్రిప్పుల్లోంచి తీసి విటమిన్ డబ్బాలో పోసి పంపిస్తారు, అక్కడ అత్తగారు చూస్తారేమోనని ఆ పిల్ల వేసుకోవడమే మానేస్తుంది, కొన్నాళ్లకి జబ్బు తిరగబెడుతుంది, అప్పుడు "దాచి చేశారు" అని పంచాయితీ, ఆ తర్వాత కోర్టు. దాచడం తప్పే, కానీ చెప్తే పెళ్లే కాని చోట నిజం ఎవరు చెప్తారండి?

దెయ్యం పట్టిందనీ చేతబడి అనీ నమ్మకాలు లేవా అంటారు, ఉన్నాయి. తమిళనాడు ఎర్వాడిలో, దర్గా దగ్గరుంటే నయమవుతుందని మానసిక రోగుల్ని తెచ్చి ఉంచే చోట, 2001లో మంటలంటుకుని గొలుసులతో కట్టేసిన 28 మంది చనిపోయారు. కానీ ఆ నమ్మకాలేవీ లేని ఇళ్లలో కూడా ఇదే దాపరికం ఉంది కదా.

చట్టమూ తక్కువ తినలేదు. 1955 హిందూ వివాహ చట్టం 5వ సెక్షన్ పెళ్లికి షరతుల్లో మళ్లీమళ్లీ వచ్చే మతిభ్రమణాన్ని ఇప్పటికీ అడ్డంకిగానే రాసిపెట్టింది. 2017లో మెంటల్ హెల్త్‌కేర్ చట్టం తెచ్చి వివక్ష చూపొద్దన్నారు, పెళ్లి దగ్గర మాత్రం పాత మాటే. ఆ సెక్షన్‌లోనే మూర్ఛ కూడా ఉండేది, 1999లో తీసేశారు, ఏ కాపురాలూ కూలిపోలేదు. మరి దీన్ని తీయడానికి ఏం అడ్డం? మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి, వాళ్లని మనం అడగాలి.