ఎయిర్ ఫ్రయర్ కొనేముందు కళ్లు మూసుకుని తడిమి చూడండి

చూపు లేకుండా వంట చేసేవాళ్లకు పొయ్యి మీది పనుల్లో అన్నిటికన్నా కష్టమైంది మూకుడులో కాగే నూనె. పోపు సంగతి ఆవాల చిటపట చెబుతుంది. అన్నం ఉడికిన సంగతి ఆవిరి వాసన చెబుతుంది. పప్పుకు కుక్కర్ విజిల్ ఉంది. నూనెలో వేసిన ముక్కను తిప్పాలంటే మాత్రం చెయ్యి దాని దగ్గరికి వెళ్లాల్సిందే. 2010లో బెర్లిన్ ఐఎఫ్ఏ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో వేడి గాలితో వేయించే ఎయిర్ ఫ్రయర్‌ను ఫిలిప్స్ తొలిసారి చూపించినప్పుడు తక్కువ నూనెతో వేపుడు అన్న మాట లోకాన్ని ఆకట్టుకుంది. నాకు నచ్చిన కారణం వేరు. దీనికి మంట లేదు, నూనె చిందదు, వేడంతా పెట్టె లోపలే ఉంటుంది, పట్టుకునే పిడి చల్లగా ఉంటుంది. గుడ్డివాళ్ల కోసమే తయారు చేశారా అనిపించేంత అనువైన వస్తువు ఇది.

అలాంటి వస్తువుకు ముందువైపు నున్నటి గాజు పలక అతికించి మాకు అందకుండా చేశారు. దుకాణంలో వరసగా పెట్టిన యంత్రాలను తడుముకుంటూ వెళ్లండి, ధర పెరిగేకొద్దీ వేలికి తగిలేవి తగ్గిపోతాయి. అన్నిటికన్నా చవకగా దొరికేవాటికి రెండు డయల్స్ ఉంటాయి, ఒకటి వేడికి, ఒకటి టైముకు. ఖరీదైనవాటికి పలక తప్ప ఏమీ ఉండదు. మనవాళ్లు ప్రేమ కొద్దీ కానుక ఇచ్చేటప్పుడు ఖరీదైనదే కొంటారు. అలా కొన్న యంత్రాలు ఎన్నో ఇళ్లలో ఇంకొకరు వచ్చి నొక్కిపెడితే గానీ పనిచేయకుండా పడి ఉంటున్నాయి.

గాజు పలకతో వచ్చే చిక్కు చూపున్నవాళ్లకు వెంటనే అర్థం కాదు. మామూలు బటన్ అయితే వేలు ఆనించి, ఇది కావలసినదేనని తేల్చుకుని, అప్పుడు నొక్కుతాం. పలక మీద ఆనించడమే నొక్కడం. వెతుకుతున్న వేలు దారిలో తగిలిన ప్రతిదాన్నీ నొక్కుకుంటూ పోతుంది. చేపకు పెట్టిన వేడి కాస్తా కేకు వేడికి మారిపోతుంది, మారిన సంగతి మనకు తెలియదు. బటన్ ఉన్నచోట బుడిపె అతికిస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిగ్గా దాని మీదే అతికిస్తే వేలి స్పర్శ పలకకు అందకపోవచ్చు, అందుకే పక్కన అతికించాలి. పలచని ప్లాస్టిక్ షీటును పలక కొలతకు కత్తిరించి, కావలసిన రెండు మూడు చోట్ల మాత్రమే రంధ్రాలు చేసి పైన అంటిస్తే ఇంకా మెరుగు.

అప్పుడు కూడా లెక్క కుదరాలి. ఆన్ చేయగానే ఎప్పుడూ 380 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర మొదలయ్యే యంత్రం ఉందనుకోండి. ఒక్కో నొక్కుకు 5 డిగ్రీలు మారితే, ఆరుసార్లు తగ్గిస్తే 350కి వస్తాం. ఇది చేయదగ్గ పని. కానీ కొన్ని యంత్రాలు క్రితంసారి పెట్టిన వేడినే గుర్తుపెట్టుకుని అక్కడే మొదలవుతాయి. ఇంట్లో ఇంకెవరైనా మధ్యలో వాడి ఉంటే మన లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి? అడుగుదాకా తగ్గించి, అక్కడి నుంచి పైకి లెక్కపెట్టుకోవాలి. అడుగు 170 అయితే 350కి చేరడానికి 36 నొక్కులు. అడుగుకు చేరాక ఇక తగ్గదని వేరే శబ్దంతో చెప్పే యంత్రమైతే అదైనా సాధ్యం. అడుగు తగలగానే మళ్లీ పైనున్న అంకెకు తిరిగిపోయే రకమైతే ఆ దారీ మూసుకుపోయినట్టే.

అందుకే ఎవరైనా సలహా అడిగితే నేను ఒకే ఒక్క మాట చెబుతాను. ఈ యంత్రం ఇప్పుడు ఎంత వేడి మీద ఉంది, ఇంకా ఎంతసేపు తిరుగుతుంది అన్నది ఎవరినీ అడక్కుండా, వేలితోనో చెవితోనో తెలుసుకోగలనా? తెలుసుకోగలిగితే కొనండి. లేకపోతే ఎన్ని నక్షత్రాల రేటింగ్ ఉన్నా వదిలేయండి.

డయల్ ఈ పరీక్షలో నెగ్గుతుంది. దాని మీది గీత ఎటు తిరిగి ఉందో వేలికి తెలుస్తుంది. రెండు చివర్లలో ఆగుతుంది. బంప్ డాట్స్ అని అమ్మే చిన్న బుడిపెలను 350 దగ్గర ఒకటి, 400 దగ్గర రెండు అతికించుకుంటే మన వంటలకు దాదాపు సరిపోతుంది. టైమరు టిక్కుటిక్కుమంటూ తిరుగుతుంది, చివర్న గంట కొడుతుంది. చవక యంత్రాల టైమరు ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ అవుతుంది కాబట్టి పక్కన అలెక్సాకు చెప్పి ఇంకో టైమర్ పెట్టుకోవడం మంచిది. మరొకటి గుర్తుంచుకోవాలి. మధ్యలో బుట్ట బయటికి లాగినప్పుడు చాలా డయల్ యంత్రాల్లో వేడి ఆగుతుంది గానీ టైమరు తిరుగుతూనే ఉంటుంది. ఆ నిమిషం చివర్లో కలుపుకోవాలి.

బెండకాయ వేపుడు సంగతి చెబుతాను. ముక్కలు కడిగాక బాగా తుడిచి, ఉప్పు చివరికి దాచి, ఒక చెంచా నూనె చేత్తోనే పట్టించి, 375 దగ్గర పెడతాను. ఆరేడు నిమిషాలకు బుట్ట లాగి కుదిపితే ముక్కలు ఒకదానికొకటి అంటుకుని దబ్‌మని ఒకేసారి పడతాయి, జిగురు ఇంకా ఉందని అర్థం. ఇంకో నాలుగు నిమిషాలకు కుదిపితే విడివిడిగా జారుతాయి. పూర్తిగా వేగాక గలగలమని ఎండు గింజల చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వచ్చిందంటే ఉప్పు, కారం చల్లి దించడమే. కరివేపాకు మాత్రం పైన వేయకండి. ఫ్యాను గాలికి ఎగిరి లోపల పైన కాలే తీగకు అంటుకుంటుంది, మాడిన వాసన వచ్చేదాకా తెలియదు. నూనె రాసి ముక్కల అడుగున పెట్టాలి. జారుగా ఉండే గారెల పిండి, పునుగుల పిండి జాలీ లోంచి కారిపోతాయి, వాటి జోలికి పోవద్దు. కోడి ముక్కలకు మాత్రం చప్పుడు మీద ఆధారపడను. మాట్లాడే థర్మామీటరు గుచ్చి 165 అని వినబడ్డాకే దించుతాను.

ఇక యాప్‌తో నడిచే యంత్రాలు. తెర మీద ఉన్నది చదివి వినిపించడానికి ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్, ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ ఉన్నాయి కదా, ఫోన్‌లోనే అన్నీ పెట్టుకోవచ్చు కదా అంటారు. యాప్ బాగా రాస్తే నిజంగానే హాయి. మిగిలిన నిమిషాలు కూడా ఫోనే చదివి చెబుతుంది. బాగా రాయకపోతే ఫోను "బటన్, బటన్, బటన్" అని చదువుతుంది, ఏ బటనో చెప్పదు. కొన్ని యంత్రాలకు భద్రత కోసం ఆఖరి స్టార్ట్ మాత్రం యంత్రం మీదే నొక్కాలి, మళ్లీ పలక దగ్గరికే వచ్చాం. పైగా యాప్ మన చేతిలో ఉండదు. యాప్‌తో నడిచే తన వీమో స్మార్ట్ ప్లగ్‌లు, స్విచ్‌లలో చాలావాటికి 2026 జనవరి 31తో మద్దతు ఆపేస్తామని బెల్కిన్ కంపెనీ 2025లో ప్రకటించింది. చూపున్నవాళ్లకైతే సౌకర్యం ఒకటి పోతుంది. యాప్ ఒక్కటే దారిగా ఉన్నవాళ్లకు యంత్రమే పోతుంది. అందుకని యాప్‌ను అదనంగా ఉంచుకోండి, దాని మీదే నమ్మకం పెట్టుకుని కొనకండి. చూపు లేనివాళ్లకు సాయపడే బీ మై ఐస్ యాప్‌లో వీడియో కాల్ చేస్తే వాలంటీరు పలక మీద ఏముందో చదివి చెబుతారు. కొన్న రోజున బుడిపెలు అతికించుకోవడానికి అది ఎంతో మేలు. రోజూ చారు పెట్టుకునే వేళకు పరాయివాళ్లను పిలవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

పెట్టె ఆకారం విషయానికొస్తే, సొరుగులా బయటికి లాగే బుట్ట రకం నాకు నమ్మకం. ముందుకు తెరుచుకునే తలుపున్న ఓవెన్ రకంలో కాలే తలుపు మీదుగా చెయ్యి లోపలికి పోవాలి.

ఇది కొనుగోలుదారు తెలివితేటలకు వదిలేయాల్సిన విషయం కాదని నా గట్టి నమ్మకం. అమెరికాలో 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఏడీఏ ఆఫీసులకు, ప్రభుత్వ సేవలకు, హోటళ్లకు, దుకాణాలకు వర్తిస్తుంది, వాటిలో అమ్మే వంట యంత్రాల తయారీకి వర్తించదు. 2010లో వచ్చిన మరో చట్టం వల్ల ఫోన్లు, టీవీ మెనూలు మాకు మాట్లాడటం నేర్చుకున్నాయి. 2025 జూన్ 28 నుంచి అమల్లోకి వచ్చిన యూరప్ చట్టం కంప్యూటర్లను, ఏటీఎంలను పట్టించుకుంది, వంటింటిని పట్టించుకోలేదు. ఇండియాలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 43వ సెక్షన్ అందరూ వాడగలిగే వినియోగ వస్తువుల తయారీని ప్రభుత్వం ప్రోత్సహించాలని రాసింది. టీవీ సీరియల్ పెట్టుకునే హక్కు ఉన్న మనిషికి వంకాయ వేపుకునే హక్కు ఎందుకు ఉండకూడదు?

మన ఇళ్లలో దీనికి ఎదురయ్యే మాట ఒకటుంది. "అక్కా, నీకెందుకీ శ్రమ, మేం నొక్కిపెడతాంగా." ప్రేమతోనే అంటారు, నాకు తెలుసు. అయినా వాళ్లు పనికి వెళ్లాక ఆకలేస్తే? నాకు నచ్చినంత కరకరలాడేలా వేపుకోవాలనిపిస్తే? హ్యూస్టన్‌లో ఉండే క్రిస్టీన్ హా చూపు లేకుండానే 2012లో అమెరికా మాస్టర్‌చెఫ్ గెలిచారు. వంట చేయగలమా అన్న ప్రశ్న అక్కడితో తీరిపోయింది. చేయనిచ్చే వస్తువులు ఇస్తారా అన్నదే ఇప్పుడు మిగిలింది.

ఇది నాలాంటి కొద్దిమంది గొడవ అనుకోకండి. ఇండియా నుంచి ఆరు నెలలు ఉండటానికి అమెరికా వచ్చే అమ్మానాన్నల్లో షుగరు వల్లో గ్లకోమా వల్లో చూపు తగ్గినవాళ్లు ఎంతమందో మీ ఇళ్లలోనే చూస్తున్నారు. పలక మీద సన్నటి ఇంగ్లీషు అక్షరాలు కనబడక, ఎక్కడ పాడవుతుందోనని దాన్ని ముట్టుకోవడానికే భయపడతారు. అదే డయల్ అయితే ఒకసారి చూపిస్తే చాలు. ఇక్కడ అమెరికాలోనే స్థిరపడి చూపు తగ్గిన పెద్దవాళ్లకు మరో సాయం ఉంది. 55 ఏళ్లు దాటినవాళ్ల కోసం ఫెడరల్ నిధులతో ప్రతి రాష్ట్రంలోనూ ఒక కార్యక్రమం నడుస్తోంది. పొయ్యి మీద గుర్తులు పెట్టుకోవడం, కత్తి పట్టుకోవడం లాంటివి నేర్పిస్తారు. మన సంఘాలు పెట్టే హెల్త్ క్యాంపుల్లో కంటి పరీక్ష చేసి అద్దాలు రాసి పంపిస్తున్నారు. ఆ బల్ల మీదే ఈ కార్యక్రమం ఫోన్ నంబరు కాగితం కూడా పెట్టమని నిర్వాహకులను కోరుతున్నాను. పక్కన ఒక డయల్ యంత్రం, ఒక టచ్ యంత్రం పెట్టి పెద్దవాళ్లను తడిమి చూడనివ్వండి.

మీ ఇంట్లో ఏ ఎయిర్ ఫ్రయర్ ఉందో ఈ పత్రికకు రాసి పంపండి. డయల్ ఉందా, పలక ఉందా? ఆన్ చేయగానే ఎప్పుడూ ఒకే వేడి దగ్గర మొదలవుతుందా? వేడెక్కాక, తిప్పమన్నప్పుడు, అయిపోయాక వేర్వేరు శబ్దాలు చేస్తుందా, అన్నిటికీ ఒకే బీప్ కొడుతుందా? కళ్లు మూసుకుని ఒకసారి పెట్టి చూసి రాస్తే మరీ మంచిది. వచ్చినవన్నీ కలిపి జాబితా చేసి పెడతాను. అడుగున అతికించి ఉండే మోడల్ నంబరు మాత్రం తప్పకుండా రాయండి. ఒకే కంపెనీ ఒకే పేరుతో డయల్‌ది, టచ్‌ది రెండూ అమ్ముతుంటుంది.