పోస్టు పెట్టే గడియారం విశాఖలో ఉండాలి

అమెరికాలో ఉన్న మనవాళ్ల సంఘాలు సోషల్ మీడియాలో విశాఖ కోసం ఏదైనా అడగదలచుకుంటే ఎక్కువగా అక్కడి శనివారం రాత్రే అడుగుతుంటాయి. పేద పిల్లల స్కాలర్‌షిప్పులు, పూర్వవిద్యార్థుల కలయిక, ఏటికొప్పాక బొమ్మల ఆర్డర్లు, ఏదైనా సరే. వారమంతా ఉద్యోగాలు చేసుకున్న కార్యకర్తలకి తీరిక దొరికేది అప్పుడే. కూర్చుని పోస్టు తయారుచేస్తారు, అప్పటికప్పుడు పెట్టేస్తారు. ఆ శ్రమ మీద నాకు ఎంతో గౌరవం. కానీ ఆ వేళ మన పనికి సాయం చేయడం లేదు. దాన్ని వారం మధ్యకి, అదీ విశాఖ బుధవారం ఉదయానికి మార్చాలని, పోస్టు పెట్టే బాధ్యత విశాఖలో ఉన్న మనిషికి అప్పగించాలని నా అభిప్రాయం. నేను ఈ ఊళ్లోనే ఉంటూ చిన్న వ్యాపారాలకీ, ఒకటి రెండు సేవాసంస్థలకీ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీలు నడుపుతుంటాను. ఆ పనిలో చూసిందే ఇక్కడ రాస్తున్నాను.

వారం మధ్యలో పెట్టిన పోస్టుని ఎక్కువమంది చూస్తారన్న మాట కొత్తదేం కాదు. సోషల్ మీడియా పేజీలు నడపడానికి సాఫ్ట్‌వేర్ అమ్మే స్ప్రౌట్ సోషల్, హూట్‌సూట్, బఫర్ లాంటి కంపెనీలు ఏ రోజు ఏ గంట మంచిదో చెప్పే పట్టికలు విడుదల చేస్తుంటాయి. గంటల దగ్గర ఒకదానితో ఒకటి కలవవు గానీ, మంగళ, బుధ, గురువారాల పేర్లు వాటిలో తరచుగా కనిపిస్తాయి. ఆ లెక్కలు వచ్చేది ఆయా కంపెనీల సాఫ్ట్‌వేర్ వాడే ఖాతాల నుంచి, అంటే ముఖ్యంగా వ్యాపార సంస్థల పేజీల నుంచి. దాని వెనకున్న ఆలోచన తేలికగానే అర్థమవుతుంది. సోమవారం మెయిళ్లు చూసుకోవడంతో సరిపోతుంది, శుక్రవారం మధ్యాహ్నానికి మనసు ఇంటి మీదికి పోతుంది, మధ్యలో మూడు రోజులూ కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి కాస్త ఊపిరి తీసుకోవడానికి ఫోను చూస్తాడు. ఆఫీసు ఉద్యోగి వారం అది. విశాఖలో ఎంతమందికి వారం అలా నడుస్తుంది?

ఉక్కు ఫ్యాక్టరీలో రాత్రీ పగలూ షిఫ్టులే. అక్కడ పనిచేసే మనిషికి బుధవారం సెలవు కావచ్చు, ఆదివారం డ్యూటీ పడొచ్చు. పోర్టులోనూ, పరవాడ ఫార్మా కంపెనీల్లోనూ అంతే. మధురవాడ, రుషికొండ వైపు ఐటీ ఆఫీసుల్లో అమెరికా క్లయింట్లతో రాత్రంతా పనిచేసే పిల్లలు, మనం టిఫిన్ చేసే వేళకి ఇంటికొచ్చి పడుకుంటారు. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామునే వేలాలు మొదలవుతాయి. చేపలు ఇంటికి పంపే వ్యాపారికి ఉదయం 10 గంటల పోస్టు ఎందుకూ పనికిరాదు, ముందురోజు రాత్రే మాట చెప్పాలి. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం, ఆ రెండు నెలలూ ఆ పేజీ పద్ధతే వేరు. అరకులో గదులు అద్దెకిచ్చేవాళ్లకి మాత్రం బుధవారం సాయంత్రం నిజంగానే మంచి వేళ. చలికాలంలో శని, ఆదివారాలకి కొండ మీదికి వెళ్దామనుకునే కుటుంబం కిరండూల్ రైలు అద్దాల పెట్టెలో సీట్లున్నాయా అని వెతికేది, ఆఫీసులో సెలవు అడిగేది ఆ రోజుల్లోనే.

మార్గశిరం వచ్చిందంటే వారం మధ్య స్వరూపమే మారిపోతుంది. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి ఆ నెల గురువారాలు ఎంత ముఖ్యమో ఈ ఊరితో సంబంధమున్న ఎవరికీ చెప్పక్కర్లేదు. బుధవారం సాయంత్రం ఆడవాళ్లు ఇల్లు శుభ్రం చేసుకుని మర్నాటి పూజకి సర్దుకుంటూ ఉంటారు, వాళ్లకి ఫోను పట్టుకునే తీరిక ఉండదు. పూజసామాను, చీరలు అమ్మే పేజీలు ఆ నెలలో సోమవారమే చెప్పవలసింది చెప్పేయాలి. గురువారం పగలంతా అందరి ఫోన్లలోనూ అమ్మవారి ఫొటోలే ఉంటాయి. ఆ రోజు విరాళాల మాట ఎత్తకపోవడమే మంచిది. దూరాన ఉన్న పిల్లలకి ఆ దర్శనం చూపించండి, వాళ్లు కోరుకునేది అదే.

ఇక గంటల లెక్క. విశాఖలో బుధవారం ఉదయం 7 గంటలప్పుడు, వేసవి కాలమానంలో, న్యూజెర్సీలో మంగళవారం రాత్రి 9:30. డాలస్‌లో 8:30, కాలిఫోర్నియాలో సాయంత్రం 6:30. తూర్పున పిల్లలు పడుకున్నారు, మధ్యలో భోజనాలు అయ్యాయి, పడమట ఆఫీసు నుంచి ఇల్లు చేరుతున్నారు. ఇటు విశాఖలో బీచ్ రోడ్డు నడక ముగించుకుని పెద్దవాళ్లు కాఫీతో కూర్చున్నారు, షిఫ్టుకి వెళ్లేవాళ్లు వెళ్లారు. సింగపూర్‌లో ఉదయం 9:30. రెండు పక్కలా మనుషులు మెలకువగా, కాస్త తీరిగ్గా ఉండే గంట ఇదొక్కటే. లండన్ మాత్రం నిద్రలో ఉంటుంది. గల్ఫ్‌లోనూ ఇంకా పూర్తిగా తెల్లవారదు.

లండన్, గల్ఫ్ వాళ్ల కోసం విశాఖ రాత్రి 8 గంటల వేళ ఉంది. అప్పుడు దుబాయ్‌లో 6:30, కువైట్‌లో 5:30, వేసవిలో అయితే లండన్‌లో మధ్యాహ్నం 3:30. ఉత్తరాంధ్ర నుంచి గల్ఫ్‌కి వెళ్లినవాళ్ల సంఖ్య తక్కువేమీ కాదు, అమెరికా సంఘాలు నడిపేవాళ్లు ఆ సంగతి మరిచిపోతుంటారు. అక్కడ వారం కూడా వేరు. కువైట్, సౌదీ, ఖతార్‌లలో శుక్ర, శనివారాలు సెలవు, ఆదివారం పని మొదలు. వాళ్లకి వారం మధ్య అంటే మంగళవారం. గురువారం సాయంత్రం మన శనివారం సాయంత్రంలా ఉంటుంది. యూఏఈ 2022 జనవరి నుంచి శని, ఆదివారాల సెలవుకి మారింది. పోస్టులో 'ఈ రోజు', 'రేపు', 'బుధవారం' అని మాత్రమే రాస్తే ఇన్ని దేశాల్లో ఇన్ని అర్థాలు వస్తాయి. తేదీ వేసి, విశాఖ సమయమని స్పష్టంగా రాయాలి.

వారాంతం వద్దనడానికి నాకున్న అసలు కారణం ఎంతమంది చూస్తారన్నది కాదు. అడిగితే జవాబు చెప్పే మనిషి ఉండాలి. అమెరికా శనివారం రాత్రి అంటే విశాఖలో ఆదివారం పొద్దున. బడికి తాళం, బ్యాంకుకి సెలవు, సేవాసంస్థ ఆఫీసులో ఎవరూ ఉండరు. దాత అడిగే ప్రశ్నలు చిన్నవేమీ కావు. ఆ అమ్మాయి ఇంటర్లో ఏ గ్రూపు, ఫీజు నేరుగా కాలేజీకే కడతారా, రసీదు ఎప్పుడిస్తారు? అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు ఇచ్చే డబ్బు చట్టం దృష్టిలో విదేశీ విరాళం. సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, 2020లో చట్టం మార్చాక ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి ఇచ్చేదానికి ఆ నిబంధన వర్తించదు. ఈ తేడా వివరించగలిగేది సంస్థ అకౌంటెంటే, ఆయన దొరికేది పనిరోజే. కేజీహెచ్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో, చికిత్స పొందుతున్న రోగి కోసం అడిగినా అంతే, వార్డుకి వెళ్లి కాగితం చూసి చెప్పగలిగే మనిషి కావాలి. ఏటికొప్పాక బొమ్మ కొనే తల్లి అది అంకుడు కర్రేనా, లక్కలో కలిపింది సహజరంగులేనా, పసిపిల్ల నోట్లో పెట్టుకోవచ్చా అని అడుగుతుంది. కళాకారుడు లేత్ దగ్గర కూర్చుని ఉన్న రోజున అడిగితే ఆ క్షణంలోనే వీడియో తీసి పంపిస్తాడు. ఇవ్వాలనిపించిన ఘడియలో జవాబు అందకపోతే దాత మళ్లీ వెనక్కి రావడం కష్టం. మంచి మనసు లేక కాదు, వాళ్ల వారం వాళ్లని లాక్కుపోతుంది.

సోషల్ మీడియా పనిచేసే తీరు కూడా ఇదే చెబుతోంది. ఫేస్‌బుక్‌లో మనకి కనిపించే వరస ఎప్పటినుంచో కేవలం సమయాన్ని బట్టి లేదు. 2010లోనే ఆ సంస్థ మూడు విషయాలు చూస్తామని వివరించింది: పెట్టిన మనిషితో మనకున్న దగ్గరితనం, ఆ పోస్టుకి వచ్చే స్పందన రకం, పెట్టి ఎంతసేపైంది అన్నది. ఇన్‌స్టాగ్రామ్ 2016లో సమయం వరస మానేసింది. 2018 జనవరిలో ఫేస్‌బుక్ మనుషుల మధ్య మాటామాటా నడిపించే పోస్టులకి పెద్దపీట వేస్తామని ప్రకటించింది. ఇప్పటి లెక్కలు అంతకంటే చాలా చిక్కుగా ఉన్నాయి గానీ మొగ్గు అటే. అందువల్ల వేళ కలిసొచ్చేది తొలి స్పందనలు రాబట్టడానికే. తర్వాత ఆ పోస్టు ఎంతదూరం పోతుందన్నది, కింద సంభాషణ నడిచిందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. పోస్టు పెట్టేసి నిద్రపోవడం దుకాణం తలుపులు తెరిచి యజమాని ఊరెళ్లిపోవడం లాంటిది. న్యూజెర్సీ కార్యకర్త రాత్రి 9:30కి పోస్టు పెడితే అర్ధరాత్రి దాకా కామెంట్లకి జవాబివ్వలేడు, ఇవ్వమనడం న్యాయమూ కాదు. విశాఖలో అదే వేళ ఉదయం 7 గంటలు. ఆ పని చూసే అమ్మాయి కాఫీ తాగుతూ 8:30 దాకా ప్రతి కామెంటుకీ పేరుపెట్టి బదులిస్తుంది, తెలియనివి రాసుకుని 10:30కి ఆఫీసు తెరవగానే కనుక్కుంటుంది. రాత్రి 8కి, అమెరికా వాళ్ల ఉదయానికి, ఆ జవాబులతో రెండో పోస్టు పెడుతుంది.

అందుకే పేజీని నడిపే అధికారం విశాఖ మనిషికి ఇమ్మంటున్నాను. చాలా సంఘాల్లో ఆ అధికారం అమెరికాలో ఇద్దరు ముగ్గురి దగ్గరే ఉండిపోతుంది. ఇక్కడివాళ్లు ఫొటోలు వాట్సాప్‌లో పంపి, అవి ఎప్పుడు ఎక్కుతాయా అని ఎదురుచూస్తారు. ఫేస్‌బుక్ పేజీలో పాస్‌వర్డ్ చెప్పకుండానే మరొకరికి పేజీ నడిపే అవకాశం ఇవ్వొచ్చు. ఆ పనికి తగిన జీతమో గౌరవవేతనమో కూడా ఇవ్వాలి. ఊరికే చేయించుకోకూడదు.

వాట్సాప్ గ్రూపుకి ఈ ఉదయం 7 గంటల సలహా సరిపోదు. అక్కడ వరస పూర్తిగా సమయాన్ని బట్టే నడుస్తుంది, ఆ గంటలోనే పూలూ దేవుళ్లూ ఉన్న శుభోదయాలు వరసగా వచ్చి మన మాటని పైకి తోసేస్తాయి. గ్రూపులో చెప్పవలసింది రాత్రి 8కి చెప్పడం మేలు. స్టేటస్ సంగతి వేరు. అది 24 గంటలు ఉంటుంది కాబట్టి ఏ వేళ పెట్టినా ప్రతి దేశంలోనూ ఒక సాయంత్రాన్ని అందుకుంటుంది. సమయం గురించి బెంగ లేకుండా పెట్టగలిగేది అదొక్కటే.

బుధవారం మధ్యాహ్నం 12 నుంచి 1:30 దాకా రాహుకాలమని పంచాంగం చెబుతుంది. కొన్ని పట్టికలు మెచ్చుకునే భోజన విరామం సరిగ్గా అదే. కొత్త దుకాణం గురించో, కొత్త సరుకు గురించో ఆ గంటలో చెప్పడానికి ఇక్కడి వ్యాపారులు ఒప్పుకోరు, నేను వాళ్ల పక్షమే. ఇష్టం లేని ఘడియలో పెట్టిన పోస్టు కింద ఉత్సాహంగా మాట్లాడలేరు. గంటన్నర ఆగితే పోయేదేమీ లేదు.

ఆపద వార్తకి మాత్రం ఈ లెక్కలేవీ వద్దు. 2020 మే 7న, గురువారం తెల్లవారుజామున, ఆర్‌.ఆర్‌.వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ వాయువు లీకైనప్పుడు అమెరికాలో ఇంకా బుధవారమే. అలాంటప్పుడు తెలిసిన వెంటనే చెప్పాలి. ఎప్పటి సమాచారమో, ఏ ప్రాంతానిదో, ఎవరు చెప్పారో అందులో ఉండాలి. వరస తప్పిన ఫీడులో నిన్నటి వార్త ఇవాళ్టిదిలా కనబడి, దూరాన ఉన్న కొడుకో కూతురో తల్లడిల్లిపోతారు.

నేను చెప్పిన గంటలు మీ పేజీకి అచ్చంగా సరిపోతాయని అనను. ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రొఫెషనల్ అకౌంటుగా మార్చుకుంటే, ఫాలోవర్లు ఏ రోజున ఏ గంటల్లో ఎక్కువగా ఉంటున్నారో ఇన్‌సైట్స్ అనే లెక్కల భాగంలో కనిపిస్తుంది. అయితే సగం మంది విశాఖలో, సగం మంది అమెరికాలో ఉన్న పేజీలో ఆ గ్రాఫు రెండు శిఖరాలతో ఉంటుంది. రెంటి మధ్య గంట పట్టుకుంటే ఇక్కడా అక్కడా ఎవరూ దొరకరు. ముందు ఎవరిని అడుగుతున్నామో తేల్చుకుని ఒక శిఖరాన్ని ఎంచుకోవాలి. యూట్యూబ్ వీడియోలకి ఇంత ఆలోచన అక్కర్లేదు. అప్‌లోడ్ చేసిన వేళకీ దీర్ఘకాలంలో వచ్చే వ్యూస్‌కీ నేరుగా సంబంధం ఉన్నట్టు తెలియదని యూట్యూబే చెబుతోంది.

సంవత్సరంలో రెండుసార్లు మాత్రం గడియారం సరిచూసుకోవాలి. విశాఖ సమయం మారదు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం గంట అటూ ఇటూ జరుగుతుంది. నవంబరు దాటాక విశాఖ ఉదయం 7 అంటే న్యూజెర్సీలో రాత్రి 8:30, పిల్లలకి కథ చెప్పి పడుకోబెట్టే సమయం. కాలిఫోర్నియాలో ఇంకా 5:30, దారిలోనే ఉంటారు. చలికాలంలో పోస్టుని 8 గంటలకి జరపండి. విశాఖలో పేజీ చూసే అమ్మాయికి ఆ గంట మార్పు అక్టోబరులోనే చెప్పి ఉంచండి.