ఫ్లాక్ వేషం కట్టిన 128 ఎంపీ3 గారికి

మహారాజశ్రీ ఫ్లాక్ ఫైలు గారి సముఖమునకు,

నమస్కారాలు. లాస్‌లెస్, అంటే పాట ధ్వనిలో ఏమీ పారేయని ఫైలు అన్న మీ బిరుదు చూసి, కొంత పారేసి చిన్నదయ్యే ఎంపీ3 కంటే నాలుగు డబ్బులు ఎక్కువే పోసి, డీజేలమైన మేం మిమ్మల్ని సగౌరవంగా తెచ్చుకున్నాం. ఈ మధ్యాహ్నమంతా మీ సేవకే సరిపోయింది. శ్రుతి మారకుండా వేగం మార్చే కీ లాక్ వేసి టెంపో 6 శాతం తగ్గించగానే హై-హ్యాట్ తాళాల మోత చితికిపోయింది. ముందు కేబుల్ మార్చాం. తర్వాత సౌండ్‌కార్డు బఫర్ పెంచాం. పాపం, సన్నటి శబ్దాలు పలికే స్పీకరు ట్వీటర్‌ని కూడా అనుమానించాం. తమరిని అనుమానించడం మర్యాద కాదనుకున్నాం మరి!

చివరికి ధ్వనిని బొమ్మగా చూపే స్పెక్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర గొడ్డలితో నరికినట్టు గీత. ఆ పైన 22.05 దాకా చిమ్మచీకటి. పాత టేపు రికార్డింగుల్లోనూ పైన ఏమీ ఉండదని తమరు వాదించవచ్చు. నిజమే, కానీ అక్కడ ధ్వని మెల్లమెల్లగా సన్నగిల్లుతుంది. సింబల్ మోగినా మోగకపోయినా, పాట మొదలు నుంచి చివరిదాకా ఒకే ఎత్తులో గోడ కట్టదు. సెకనుకి 320 కిలోబిట్ల (కేబీపీఎస్) ఎంపీ3 అయితే ఆ గోడ 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, 192 అయితే 19 చుట్టుపక్కల. 16 దగ్గరుందంటే అది 128 కేబీపీఎస్ వేలిముద్ర. 5 నిమిషాల పాటకి తమరి బరువు 38 ఎంబీ, అందులో అసలు సరుకు 5 ఎంబీ కూడా లేదు. పైన పటారం, లోన లొటారం.

పైగా తమరి దగ్గర సర్టిఫికెట్ కూడా ఉందండోయ్! ఫ్లాక్ హెడర్‌లో, అంటే ఫైలు తలభాగంలో ఉండే ఎండీ5 అనే తనిఖీ అంకెతో సరిచూస్తే అంతా సవ్యంగా ఉందని వస్తుంది. ఎందుకు రాదు? ఎన్‌కోడర్ చేతికి ఏది ఇచ్చారో అదే బయటికొచ్చిందని మాత్రమే అది చెబుతుంది. ఇచ్చింది చెత్తో కాదో దానికేం పట్టింది? మీ 24 బిట్ లేబుల్ సంగతీ అంతే. విప్పిన ఎంపీ3ని ఎంత పెద్ద డబ్బాలో పోసినా పోయిన ధ్వని తిరిగి రాదు.

16 పైన వినపడేది ఎంతమందికిలే అంటావేమో. ఆ పైన పోయినదాని గురించి కాదయ్యా గొడవ! ఆ గీత కింద నువ్వు మిగిల్చినదాని గురించి. గట్టి శబ్దం పక్కనున్న చిన్న శబ్దం చెవికి ఆనదు కాబట్టి దాన్ని మోటుగా రాసుకున్నా ఫరవాలేదన్నది ఎంపీ3 లెక్క. పాటని పాటలా వింటే, బిట్‌రేటు సరిపోతే, ఆ లెక్క కుదురుతుంది. డీజే పాటని అలా ఎక్కడ ఉండనిస్తాడు? ఒక పాటని ఇంకోదాంట్లోకి కలిపే బ్లెండ్ నడుమ ‘లో’ అనే నాబ్ పూర్తిగా ఎడమకి తిప్పి బేస్ కోసేస్తాడు. అంతవరకూ కిక్ డ్రమ్ మోత చాటున నక్కిన చెత్తంతా అప్పుడు బయటపడుతుంది. దెబ్బ పడకముందే దాని మసక వినిపించే ప్రీ-ఎకో ఒకటి నీలో ఉంది కదా, కీ లాక్ ధ్వనిని చిన్న చిన్న ముక్కలుగా కోసి అతికించేటప్పుడు దాన్ని కూడా సాగదీస్తుంది. క్లాప్ ఒకటి పడాల్సినచోట ఒకటిన్నర పడుతుంది. హెడ్‌ఫోన్‌లో ఏదో ఫరవాలేదనిపించి, పెద్ద సిస్టమ్‌లో పరువు తీస్తావు. ఆ మచ్చ నీకు కాదు, డెక్కుల వెనక నిలబడ్డవాడికి. మా చెవిలో పువ్వు పెట్టడానికి నీకు ఇంకే పనీ దొరకలేదా?

తక్కినవాళ్లేం మచ్చలేనివాళ్లని కాదు. వేవ్ ఫైలు ఉంది, ఒక సాఫ్ట్‌వేర్‌లో రాసిన ట్యాగులు, అంటే పాట పేరూ వివరాలూ, ఇంకోదాంట్లో మాయం. హెడర్‌లో ఎక్స్‌టెన్సిబుల్ రకం అని ఉంటే పాత సీడీజే అనే డీజే ప్లేయరు ఈ-8305 ఎర్రర్ అని ముఖం తిప్పుకుంటుంది. నీ ఇంటిపేరు నిజంగా ఉన్న ఫ్లాక్‌ని సైతం సీడీజే-2000 నెక్సస్ గుమ్మం దాటనివ్వదు. 2016 నాటి నెక్సస్2లో గానీ దానికి తలుపు తెరుచుకోలేదు. ఎంపీ3లో పాట ఎక్కణ్నుంచి మొదలెట్టాలో గుర్తుపెట్టుకున్న క్యూ పాయింట్లని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మారిస్తే ఒక్కోసారి 1152 శాంపిళ్లు, అంటే 26 మిల్లీసెకన్లు, పక్కకి జరుగుతాయి. ఏఐఎఫ్ఎఫ్ అనే ఇంకో రకం ఫైలు నిమిషానికి 10 ఎంబీ మింగుతుంది, కాకపోతే ట్యాగులూ కవరు బొమ్మా మోస్తుంది, పాత ప్లేయర్‌లోనూ తిరుగుతుంది. వీళ్లలో ఒక్కరూ తామెవరో దాచలేదు.

ఆ 320 ఎంపీ3ని చూసి నేర్చుకో. 5 నిమిషాలకి 12 ఎంబీ. అసలు మాస్టర్ నుంచి ఒకే ఒక్కసారి చేసినదైతే, నిజమైన ఫ్లాక్ పక్కన పెట్టి పేర్లు చెప్పకుండా వినిపిస్తే, తలపండిన చెవులు కూడా తడబడతాయి. కొంత పారేశానని అది పేరులోనే చెప్పుకుంటుంది. పోనీ నిన్నే 320గా మార్చుకుందామా అంటే, ఉన్న కోత మీద ఇంకో కోత.

అందుకే మార్చడం లేదు. స్పెక్ బొమ్మ జతచేసి డబ్బు వాపసు అడిగాం, పెన్‌డ్రైవ్‌లోంచి నిన్ను తీసేశాం. 38 ఎంబీ ఖాళీ అయింది. అందులో 3 నిఖార్సయిన 320లు పట్టి ఇంకా 2 ఎంబీ మిగులుతుంది.

ఇట్లు,
డెక్కుల వెనక నిలబడేవాళ్లు