బట్టీ పడితే వచ్చేవి కావు
ఇంగ్లీషు జాతీయాలను రోజుకు కొన్ని చొప్పున అర్థంతో సహా బట్టీ పడితే చాలన్న వ్యాసకర్త మాటతో ఏకీభవించలేను. ఒక జాతీయం ఏ ఆటలోంచి, ఏ పనిలోంచి పుట్టిందో తెలియకపోతే ఆ కంఠస్థమంతా బూడిదలో పోసిన పన్నీరే. ‘స్టికీ వికెట్’ సంగతే చూడండి. పిచ్‌లను కప్పి ఉంచని రోజుల్లో, వానకు తడిసిన నేల ఎండకు ఆరుతున్నప్పుడు బంతి ఎటు లేస్తుందో బ్యాటర్‌కు అంతుబట్టేది కాదు. ఇది తెలిశాక, ఆ మాటకు ఇరకాటం అని ఎవరైనా వేరే అర్థం చెప్పాలా? క్రికెట్ మాటలతో మనకు ఇబ్బంది లేదు. తంటా అంతా అమెరికా వాళ్లతోనే. వాళ్ల ఆఫీసు మాటల్లో బేస్‌బాల్ వాసన ఎక్కువ, మనమేమో ఆ ఆట ముఖమే చూడం. మా ఆఫీసులో ఒక క్లయింటు ‘బాల్‌పార్క్ ఫిగర్’ అడిగితే, కొత్తగా చేరిన కుర్రాడు రాత్రంతా కూర్చుని సెంట్లతో సహా లెక్కగట్టి పంపాడు. బాల్‌పార్క్ అంటే బేస్‌బాల్ మైదానం; ఆయన అడిగింది ఉజ్జాయింపు అంకె! అలాగని ఆ కుర్రాడు చదవనివాడు కాదు, జాతీయాల పుస్తకం బల్ల మీదే ఉంటుంది. అందులో కుండపోతను చెప్పే ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’, అదే కుక్కలూ పిల్లులూ కురిసే వాన, మొదటి పేజీలోనే ఉంది. ఆ మాట ఏ క్లయింటు నోటా నేను ఇంతవరకు వినలేదు.