కంచం దగ్గరా బాకీల లెక్కేనా?

విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి లేపకూడదంటారు మన పెద్దలు. పగవాడైనా సరే, తిని లేచాకే మాట అనాలంటారు. 2014 జనవరిలో అమెరికాలోని సాల్ట్‌లేక్ సిటీలో ఒక ఎలిమెంటరీ స్కూల్లో పిల్లల చేతుల్లోంచి భోజనం ట్రేలు వెనక్కి లాక్కున్నారు. ఒకరిద్దరు కాదు, దాదాపు 40 మంది. వాళ్ల లంచ్ ఖాతాల్లో డబ్బు అయిపోయిందట. ఒకసారి వడ్డించింది ఇంకొకరికి పెట్టకూడదు కాబట్టి ఆ తిండి నేరుగా చెత్తబుట్టలో పడింది. పిల్లలకు తలా ఓ పండు, కాసిని పాలు ఇచ్చి సరిపెట్టారు. పిల్లలకు అన్నమూ దక్కలేదు, స్కూలుకు బాకీ డబ్బూ రాలేదు.

ఇది ఎక్కడో ఒకచోట జరిగిన పొరపాటు అనుకుంటే, ఆ తర్వాతవీ ఉన్నాయి. 2016లో అలబామాలో ఒక బాబు చేతి మీద ‘నాకు లంచ్ డబ్బులు కావాలి’ అని ముద్ర వేసి ఇంటికి పంపారు. పక్కన నవ్వు మొహం బొమ్మ కూడా వేశారు. 2019లో పెన్సిల్వేనియాలో ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతం బడులను నడిపే స్థానిక సంస్థ) బాకీ కట్టకపోతే పిల్లల్ని ప్రభుత్వ సంరక్షణకు అప్పగించాల్సి రావచ్చని తల్లిదండ్రులకు ఉత్తరాలు రాసింది. చాలాచోట్ల బాకీ ఉన్న పిల్లలకు వేడి భోజనం బదులు చల్లటి చీజ్ శాండ్‌విచ్ ఇచ్చేవారు. క్లాసులో ఎవరి ఇంట్లో ఇబ్బంది ఉందో ఆ శాండ్‌విచ్ చూస్తే తెలిసిపోయేది.

అమెరికా బడుల గురించి వాదనలకు లోటు లేదు. లైబ్రరీలో ఏ పుస్తకం ఉండాలి, క్లాసులో ఫోన్ ఉండొచ్చా, ప్రైవేటు స్కూళ్లకు ప్రభుత్వ సొమ్ము ఇవ్వొచ్చా, అసలు కేంద్రంలో విద్యాశాఖ అవసరమా అని రోజూ టీవీల్లో గొంతులు చించుకుంటున్నారు. మధ్యాహ్నం పన్నెండు గంటలకు పిల్లవాడి ట్రేలో ఏముందన్నది వాటి కంటే చిన్న విషయమని మేము అనుకోవడం లేదు. రోజుకు దాదాపు మూడు కోట్ల మంది పిల్లలు ఆ ట్రే మీద ఆధారపడుతున్నారు.

1946లో అప్పటి అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేసిన చట్టంతో అక్కడ బడి భోజనం దేశమంతటా పథకంగా స్థిరపడింది. చిక్కంతా దాన్ని మూడు తరగతులుగా చీల్చడంలో ఉంది. పేదరిక రేఖకు 130 శాతం లోపు ఆదాయముంటే ఉచితం. 185 శాతం లోపైతే తగ్గింపు ధర, అంటే లంచ్‌కు 40 సెంట్లకు మించకూడదు. ఆ పైన ఒక్క డాలర్ ఎక్కువ వచ్చినా పూర్తి ధరే. 2025-26 లెక్క ప్రకారం నలుగురున్న కుటుంబానికి ఆ గీత ఏడాదికి దాదాపు 59,500 డాలర్ల దగ్గర పడుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో వైపు ఆ జీతంలో అద్దెకు ఎంత పోతుందో అక్కడ బతికినవాళ్లకు తెలుసు. అక్కడా ఒకటే గీత, అద్దెలు చౌకగా ఉండే మిసిసిపీ పల్లెలోనూ అదే గీత. బాకీలు ఎక్కువగా పేరుకునేది నిరుపేదల ఇళ్లలో కాదు, ఈ గీతకు అటూ ఇటూ ఊగిసలాడే ఇళ్లలో.

ఫారం నింపాలి, ఆదాయం రాయాలి, ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరి సోషల్ సెక్యూరిటీ నంబరులో (మన ఆధార్ లాంటిది) చివరి నాలుగు అంకెలు వేయాలి. నంబరు లేకపోతే లేదని టిక్కు పెడితే చాలు, భోజనం ఆగదు. కానీ కాగితాలు సరిగా లేని తల్లికి ఆ టిక్కు పెట్టాలంటే చెయ్యి వణుకుతుంది. గ్రీన్‌కార్డుకు అడ్డొస్తుందేమోనన్న అనుమానంతో ఫారం ముట్టుకోనివాళ్లూ ఉన్నారు. అక్కడి మనవాళ్లంతా సాఫ్ట్‌వేర్ జీతగాళ్లే అనుకోవడం మనకు అలవాటైపోయింది గానీ, గ్యాస్ స్టేషన్లలో, మోటళ్లలో, హోటల్ వంటిళ్లలో పనిచేసే తెలుగువాళ్లకు ఈ టెన్షన్ కొత్త కాదు.

ఈ చీలిక లేకుండానే బడి నడుస్తుందని కరోనా చూపించింది. 2020 వసంతం నుంచి 2022 జూన్ వరకు కేంద్రం ఇచ్చిన సడలింపులతో ఫారాలు అడగకుండానే పిల్లలకు తిండి పెట్టారు. గడువు తీరగానే మళ్లీ పాత పద్ధతే. అయితే కాలిఫోర్నియా, మెయిన్ రాష్ట్రాలు తమ ఖర్చుతో దాన్ని కొనసాగించాయి. కొలరాడో, మిన్నెసోటా, న్యూమెక్సికో, వెర్మాంట్, మిషిగన్, మసాచుసెట్స్ ఆ దారి పట్టాయి. 2025లో న్యూయార్క్ కలిసింది. 50 రాష్ట్రాల్లో ఇప్పటికి తొమ్మిది.

మిన్నెసోటా సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి. సెయింట్ పాల్ నగరంలో ఫిలాండో కాస్టీల్ అనే యువకుడు ఒక మాంటెస్సోరి స్కూల్ క్యాంటీన్‌లో సూపర్‌వైజర్‌గా ఉండేవాడు. డబ్బు లేని పిల్లవాడు వరుసలో నిలబడితే తన జేబులోంచి తీసి కట్టేవాడు. 2016 జులైలో కారు ఆపిన పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆయన పేరిట మొదలైన నిధికి విరాళాలు వెల్లువెత్తి, ఆ నగరంలోని బడి పిల్లల లంచ్ బాకీలు తీరాయి. ఆ రాష్ట్రంలోనే 2023 మార్చిలో గవర్నర్ టిమ్ వాల్జ్ అందరికీ ఉచిత భోజనం చట్టం మీద సంతకం చేశారు. క్యాంటీన్ ఉద్యోగి జీతంలోంచి పిల్లల భోజనం ఖర్చు వెళ్లాల్సి రావడం ఆయన గొప్పతనమే గానీ, ప్రభుత్వానికి మాత్రం సిగ్గుచేటు.

డబ్బున్నవాళ్ల పిల్లలకు పన్ను సొమ్ముతో భోజనమెందుకని విమర్శకులు అడుగుతున్నారు. కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. మిన్నెసోటాలో తినేవాళ్లు పెరిగి, ఖర్చు మొదటి అంచనాలు దాటింది. కొలరాడోలో నిధులు చాలక 2025 నవంబరులో మళ్లీ ఓటర్ల ముందుకెళ్లాల్సి వచ్చింది. ఏడాదికి మూడు లక్షల డాలర్ల పైన సంపాదించేవాళ్ల పన్ను మినహాయింపుల్లో ఇంకొంత కోత పెట్టడానికి ఓటర్లు ఒప్పుకున్నారు. డబ్బున్నవాళ్ల దగ్గర వసూలు చేయాలంటే దానికి చోటు పన్ను కట్టే ఆఫీసు, భోజనాల వరుస కాదు. పసుపు బస్సు ఎక్కేటప్పుడు ఏ పిల్లవాణ్ణీ మీ నాన్న జీతమెంత అని అడగరు. పాఠ్యపుస్తకం ఇచ్చేటప్పుడూ అడగరు. అన్నం దగ్గరే ఎందుకు అడగాలి?

ఉచితం అయినంత మాత్రాన తిండి బాగుపడుతుందనీ మేము అనం. పొయ్యి లేని వంటిళ్లలో ఫ్రీజర్ పిజ్జా, చికెన్ నగెట్స్ వేడిచేసి పెట్టే బడులు బోలెడు. 1981లో రీగన్ ప్రభుత్వం ఖర్చు తగ్గించుకోడానికి తెచ్చిన ముసాయిదా చూసి, కెచప్‌ను కూడా కూరగాయ కింద లెక్కేస్తారా అని జనం నవ్వారు, సర్కారు వెనక్కి తగ్గింది. ఆవకాయ ముక్క వేసి కూర వడ్డించామన్నట్టే కదా.

ఇప్పుడు గండం వేరే వైపు నుంచి వస్తోంది. ఫుడ్ స్టాంపులు, అంటే తిండి కొనుక్కోడానికి పేదలకు ప్రభుత్వమిచ్చే సాయం, అందుకునే ఇళ్ల పిల్లలకు ఫారం లేకుండానే బడి భోజనం వస్తుంది. అలాంటి పిల్లలు నాలుగో వంతు ఉంటే స్కూలు మొత్తానికి ఉచితంగా పెట్టుకోవచ్చు. 2025 జులైలో ట్రంప్ సంతకం చేసిన చట్టం ఫుడ్ స్టాంపుల నిబంధనలు బిగించింది. తల్లి పేరు ఆ జాబితాలోంచి పోతే పిల్లవాడి పేరూ పోతుంది, ఆ స్కూలు లెక్క పడిపోతుంది, పక్క బెంచీ పిల్లవాడికీ దెబ్బ తగులుతుంది.

ఈ విషయంలో మనమేమీ పెద్ద గొప్పలు చెప్పుకోనక్కర్లేదు. పదార్థాల ఖర్చుకు ప్రైమరీ పిల్లవాడికి రోజుకు 6.78 రూపాయలు, ఆ పై తరగతులకు 10.17 రూపాయలు లెక్కగట్టే దేశం మనది. వంట చేసే మహిళలు బిల్లుల కోసం నెలల తరబడి ఎదురుచూస్తారు. దళిత మహిళ వండిందని పిల్లల్ని తిననివ్వని ఊళ్లు ఈ దేశంలో ఇంకా ఉన్నాయి. అయినా 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం పుణ్యమా అని మన సర్కారు బడిలో కంచం పట్టుకున్న పిల్లవాణ్ణి ఆదాయ సర్టిఫికెట్ అడగరు. తలసరి ఆదాయంలో మనకు అందనంత ఎత్తున ఉన్న అమెరికాకు ఆ మాత్రం చేతకాదంటే నమ్మలేం. రాష్ట్రాల దయకు వదిలేయకుండా, కరోనా నాటి సడలింపును అక్కడి చట్టసభ కాంగ్రెస్ శాశ్వత చట్టం చేయాలి. అంతవరకు కనీసం ఫుడ్ స్టాంపుల కోత బడి భోజనం మీద పడకుండా ఆ రెండింటికీ ఉన్న ముడి విప్పాలి.

కాలిఫోర్నియా బడుల్లో వరుస చివర క్యాషియర్ ఇప్పటికీ కూర్చునే ఉంటారు. ఎన్ని భోజనాలు పెట్టారో కేంద్రానికి లెక్క చూపాలి కాబట్టి పిల్లలు తమ నంబరు నొక్కుతూనే ఉంటారు. నొక్కి, ట్రే తీసుకుని, స్నేహితుల పక్కన చోటు వెతుక్కుంటూ వెళ్లిపోతారు.