నస్రల్లా గురించి చెప్పడానికి నిజాలకు కరువొచ్చిందా?

లెబనాన్‌లోని షియా సాయుధ పార్టీ హెజ్‌బొల్లాకు నాయకుడైన హసన్ నస్రల్లా 2024 సెప్టెంబరు 27న బీరుట్ దక్షిణ శివారులో ఇజ్రాయెల్ జరిపిన బాంబు దాడిలో చనిపోయారు. అప్పటి నుంచి ఆయన 'జీవిత చరిత్ర' అంటూ ఒక సందేశం ఫోన్లలో తిరుగుతోంది. నాకే మూడు దిక్కుల నుంచి వచ్చింది. దాని సారాంశం ఇది: ఆయన ఇరాన్‌లో పుట్టిన అయతొల్లా, 1982లో హెజ్‌బొల్లాను స్థాపించాడు, పేదల పిల్లలను చావుకు పంపి తన కొడుకులను భద్రంగా దాచుకున్నాడు, ఎన్నికలంటే గిట్టనివాడు. ఇందులో ఒక్క మాటా నిలబడదు. ఇలా అన్నంత మాత్రాన నేను ఆయన అభిమానిని అయిపోను. ఆ సంగతి చివర్లో మీకే తెలుస్తుంది.

మొదట పుట్టుక సంగతి. నస్రల్లా 1960 ఆగస్టు 31న బీరుట్ తూర్పు వైపున, కరంతీనా పరిసరాల్లోని పేదల వాడలో పుట్టారు. ఆర్మీనియన్లు, కుర్దులు, పాలస్తీనా శరణార్థులు, దక్షిణ లెబనాన్ పల్లెల నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చిన షియాలు గోడకు గోడ ఆనించుకుని బతికిన చోటది. తండ్రి పండ్లు, కూరగాయలు అమ్మేవారు. వాళ్ళ సొంతూరు టైర్ పట్టణం దగ్గరి బజూరియా. 1975లో అంతర్యుద్ధం మొదలయ్యాక కుటుంబం ఆ ఊరికే తిరిగి వెళ్ళింది. పదిహేనేళ్ళ హసన్ అక్కడే లెబనాన్ షియాల 'అమల్' ఉద్యమంలో చేరారు. ఇరాన్‌లో పుట్టినది ఆ అమల్‌ను స్థాపించిన మూసా సదర్. ఆయన ఖుమ్‌లో పుట్టి లెబనాన్ షియాలకు పెద్దదిక్కయ్యారు, 1978లో లిబియా వెళ్ళి మరి కనిపించలేదు. సందేశం రాసిన పెద్దమనిషి బహుశా ఒకరి జాతకం తీసి ఇంకొకరికి అంటగట్టారు. ఇరాన్‌తో బంధం మాత్రం దాచినా దాగేది కాదు. తమ బడ్జెట్టు, జీతాలు, తిండి, ఆయుధాలు అన్నీ ఇరాన్ నుంచే వస్తాయని 2016 జూన్‌లో నస్రల్లా స్వయంగా బహిరంగ ప్రసంగంలో చెప్పారు. ఆయన పుట్టిన గడ్డ లెబనాన్‌దే, నడిపిన పద్దు మాత్రం టెహ్రాన్‌ది. ఈ రెండో మాటకు సాక్ష్యం ఉండగా, మొదటి దాని కోసం అబద్ధమెందుకో నాకు బోధపడదు.

ఇక 'అయతొల్లా'. తలపాగా కనబడితే చాలు, మనవాళ్ళు ఈ బిరుదు తగిలించేస్తారు. షియా మతవిద్యలో అయతొల్లా అనిపించుకోవాలంటే దశాబ్దాల చదువు కావాలి, ధర్మశాస్త్రంలో సొంతంగా తీర్పు చెప్పగల అర్హత రావాలి. నస్రల్లా పదహారేళ్ళ వయసులో, 1976లో, ఇరాక్‌లోని నజఫ్‌కు వెళ్ళారు. అబ్బాస్ ముసావీ అనే లెబనాన్ యువ మతగురువు ఆయనకు అక్కడే గురువయ్యారు. రెండేళ్ళు తిరిగేసరికి సద్దాం ప్రభుత్వపు వేధింపులు ఎక్కువై ఇద్దరూ వెనక్కి రావలసి వచ్చింది. ఆ తర్వాతి చదువు బాల్‌బెక్‌లో ముసావీ పెట్టిన పాఠశాలలోనూ, 1989 ప్రాంతంలో కొన్నాళ్ళు ఖుమ్‌లోనూ సాగింది. ఆయన హోదా అంతకంటే కింది మెట్టయిన 'హుజ్జతుల్ ఇస్లామ్'. నల్ల తలపాగాకు పాండిత్యంతో సంబంధం లేదు, అది ప్రవక్త వంశీకులమని చెప్పుకునే సయ్యదుల గుర్తు. లెబనాన్‌లో నిజంగా ఆ స్థాయి పండితుడు 2010లో మరణించిన ముహమ్మద్ హుసేన్ ఫజ్లల్లా. నస్రల్లా బలం పాండిత్యంలో లేదు, గొంతులో ఉంది. మన పల్లెల్లో పీర్ల పండుగ నాడు హసన్, హుసేన్ల పేర్లు పలికే ఎవరికైనా కర్బలా కథ ఎంత లోతున తాకుతుందో తెలుసు. ఏటా అషూరా రోజుల్లో ఆయన ఆ దుఃఖాన్నే నేటి రాజకీయంగా మలిచి వినిపించేవారు.

స్థాపకుడన్న మాట చూద్దాం. 1982 జూన్‌లో ఇజ్రాయెల్ సేనలు లెబనాన్‌లోకి చొచ్చుకొచ్చాయి. ఇరాన్ సైన్యంలో ఒక విభాగమైన రివల్యూషనరీ గార్డులు తూర్పు లెబనాన్‌లోని బెకా లోయలో దిగారు. అమల్ నుంచి విడిపోయినవాళ్ళు, మరికొన్ని గుంపులు వాళ్ళ నీడన ఒక్కటయ్యాయి. అప్పుడు నస్రల్లాకు ఇరవై రెండేళ్ళయినా నిండలేదు. పార్టీ తన పేరుతో లోకానికి బహిరంగ లేఖ విడుదల చేసింది 1985 ఫిబ్రవరిలో. మొదటి సెక్రటరీ జనరల్ సుభీ తుఫైలీ. ఈయన తర్వాత పార్టీకి దూరమై ఇరాన్‌నే దుమ్మెత్తిపోశారు. 1991లో ముసావీ ఆ పదవిలోకి వచ్చారు. 1992 ఫిబ్రవరి 16న ఇజ్రాయెల్ హెలికాప్టర్లు ఆయనను భార్యతో, పసివాడైన కొడుకుతో సహా చంపేశాయి. ఆ ఖాళీలోకి వచ్చిన మూడో మనిషి నస్రల్లా. అప్పటికి ఆయన వయసు 31.

కొడుకులను దాచుకున్నాడన్నది అన్నిటికంటే అన్యాయమైన మాట. పెద్ద కొడుకు హాదీ 18 ఏళ్ళ వయసులో, 1997 సెప్టెంబరులో, దక్షిణ లెబనాన్‌లో ఇజ్రాయెల్ సైనికులతో పోరాడుతూ చనిపోయాడు. శవం వాళ్ళ చేతికి చిక్కింది. తండ్రి మర్నాడే సభలో నిలబడి, కన్నీళ్ళు పెట్టకుండా మాట్లాడారు. మరుసటి ఏడాది ఇజ్రాయెల్‌తో జరిగిన ఖైదీల, శవాల మార్పిడిలో గాని శవం ఇంటికి రాలేదు. యుద్ధ నాయకుల పిల్లలు విదేశీ చదువుల్లో ఉండే ఆ దేశంలో ఈ ఒక్క సంఘటన ఆయనకు తెచ్చిన పలుకుబడి ఏ ప్రసంగమూ తేలేదు. ఆయనను ద్వేషించే లెబనాన్‌వాళ్ళు కూడా ఈ మాట దగ్గర గొంతు తగ్గిస్తారు. ఆ మరణాన్ని చూపించి ఇంకెందరు తల్లుల పిల్లలను పిలిచారన్నది వేరే ప్రశ్న. అది అడగవలసిన ప్రశ్నే, సందేశంలో అదే లేదు.

ఎన్నికల సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. 1992లో, ఆయన పగ్గాలు చేపట్టిన ఏడాదే, హెజ్‌బొల్లా తొలిసారి పోటీ చేసి 128 స్థానాల పార్లమెంటులో ఎనిమిది గెలిచింది. వద్దన్నది తుఫైలీ.

ఇలాంటి అబద్ధాలతో వచ్చే నష్టమేమిటంటే, అవి తేలిపోగానే ఎదుటి పక్షం నుంచి ఇంకో సందేశం బయల్దేరుతుంది: ఆయన తుపాకీ ఎన్నడూ ఇజ్రాయెల్ మీద తప్ప ఎవరి మీదా ఎక్కుపెట్టలేదని. ఇదీ అంతే అబద్ధం. 2008 మే నెలలో లెబనాన్ ప్రభుత్వం తమ సొంత టెలిఫోన్ వ్యవస్థ జోలికి వచ్చిందని హెజ్‌బొల్లా సాయుధులు పశ్చిమ బీరుట్‌ను పట్టుకున్నారు. చనిపోయినవాళ్ళు లెబనాన్ పౌరులు. ఏడాది తర్వాత నస్రల్లా ఆ మే 7ను ఘనమైన రోజుల్లో ఒకటిగా కొనియాడారు. 2006లో ఇద్దరు ఇజ్రాయెల్ సైనికులను ఎత్తుకురావడంతో మొదలైన 34 రోజుల యుద్ధంలో లెబనాన్‌లో సుమారు 1,200 మంది పోయారు, వాళ్ళలో ఎక్కువమంది మామూలు జనం. ఇంత యుద్ధం వస్తుందని ఒక్క శాతం అనుకున్నా ఆ పని చేసేవాళ్ళం కాదని ఆయనే టీవీలో ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలును విజయోత్సవాల హోరు మింగేసింది.

అన్నిటినీ మించింది సిరియా. అసద్ ప్రభుత్వాన్ని నిలబెట్టడానికి తమవాళ్ళు పోరాడుతున్నారని 2013 మేలో ఆయన బహిరంగంగా ప్రకటించారు. జూన్ 5న తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న కుసైర్ పట్టణం వాళ్ళకు, అసద్ సేనలకు చిక్కింది. ఇజ్రాయెల్‌ను ఎదిరించిన వీరుడని 2006లో అరబ్బు దేశాల్లో గోడలకెక్కిన బొమ్మ ఆ తర్వాత చాలా చోట్ల చిరిగిపోయింది. ఆయన చావు వార్త తెలిసినప్పుడు బీరుట్ వీధుల్లో జనం గుండెలు బాదుకుంటూ ఏడ్చారు. సిరియాలో, అసద్ పాలన నుంచి తప్పించుకుని వచ్చినవాళ్ళు తలదాచుకున్న ఇద్లిబ్‌లో అదే సమయంలో మిఠాయిలు పంచుకున్నారు.